కృష్ణవేణి గారు కప్పించిన శాలువాలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ మాట నేను ఒప్పుకోకపోయినా చికాగో పక్కన మా నేపర్‌విల్‌లో ఏ తెలుగువాళ్ళ తలుపు తట్టినా చెప్తారు. పదకొండేళ్ళు మా తెలుగు సంఘానికి కల్చరల్ సెక్రటరీగా చేసినదాన్ని. కోపం లేకపోతే ఆ పని ఒక్కపూట కూడా సాగదు. కృష్ణవేణి గారికేమో అసలు కోపమే రాదు. ఆవిడ గురించి రాయమని మా సావనీర్ వాళ్ళు అడిగి, "రెండు పేజీలు చాలు ప్రమోద గారూ" అన్నారు. రెండు పేజీలట! ఆవిడ గాజులకి వేలాడే పిన్నీసుల గురించి రాయడానికే సరిపోవు.

కృష్ణవేణి గారు 1976లో తెనాలి నుంచి వచ్చారు. భర్త భీమశంకరం గారు వంతెనల ఇంజనీరు, ఇప్పుడు రిటైరయ్యారు. ఇంట్లో మాటలన్నీ ఆయనవే. ఆవిడ 'ఊఁ' అంటారు, 'అలాగే' అంటారు, మరీ సంతోషం కలిగితే 'బాగుంది' అంటారు. బేస్‌మెంట్‌లో ఒక కుట్టు మిషన్ ఉంది. మా ఊళ్ళో ఎవరి చీరకి ఫాల్ కుట్టాలన్నా, ఎవరి జాకెట్టు వదులు చెయ్యాలన్నా ఆ మెట్లు దిగాల్సిందే. నా పెళ్ళినాటి జాకెట్టు మూడుసార్లు వదులు చేసి, మూడుసార్లూ "గుడ్డ ముడుచుకుపోయిందమ్మా" అని నా పరువు కాపాడిన తల్లి ఆవిడ.

2005లో ఆ మిషన్ చెడిపోయింది. పక్క ఊరు అరోరాలో బాగుచేసేవాడున్నాడంటే భీమశంకరం గారు మిషన్‌నీ ఆవిడనీ కార్లో తీసుకెళ్ళారు. ఆ షాపు ఎదురుగా ఒక పాత గిడ్డంగి, దాని మీద రెక్కలాడిస్తున్న చిన్న పిట్ట బొమ్మ ఉన్నాయి. అదే 'కాసా కొలిబ్రి'. మెక్సికో నుంచీ, ఆ చుట్టుపక్కల దేశాల నుంచీ వచ్చిన కుటుంబాల పిల్లలకి బడి వదిలాక పాట, ఆట, గిటారు, బొమ్మలు వేయడం నేర్పే చోటు. కిటికీలోంచి చూస్తే తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతి తనకంటే పొడుగైన లంగా కట్టుకుని ఆడుతోందట. కాలు అంచు మీద పడి, పర్రుమని చిరిగింది. పిల్ల ఏడుపు ముఖం పెట్టింది.

చిరిగిన గుడ్డ కంటపడితే కృష్ణవేణి గారి చెయ్యి ఊరుకోదు. రోడ్డు దాటి, తలుపు తోసుకుని, ఎవరినీ అడగకుండా ఆ పిల్ల కాళ్ళ దగ్గర చతికిలబడ్డారు. గాజుల నుంచి పిన్నీసులు ఊడదీశారు. బ్యాగులోంచి సూదీ దారం తీశారు. ఆ సంస్థ నడిపే రెబెకా అనే ఆవిడ పరుగెత్తుకొచ్చి మీరెవరని ఇంగ్లీషులో అడిగితే, ఈవిడ తలెత్తకుండా తెలుగులో "ఒక్క నిమిషం ఆగమ్మా" అన్నారట. ఈ సంగతి నాకు భీమశంకరం గారు చెప్పారు. ఆవిడని అడిగితే 'ఊఁ' అన్నారు.

ఆ పిల్ల పేరు మారిసోల్. కుట్టడం అయ్యాక కృష్ణవేణి గారు మిగతా లంగాలన్నీ తిరగేసి చూశారు. పెద్దపిల్లల లంగాలు చిన్నపిల్లలకి ఇచ్చేటప్పుడు కింద కత్తిరించేస్తున్నారు. ఏడాది తిరిగేసరికి పిల్ల ఎదుగుతుంది, లంగా పిక్కల మీదికొస్తుంది. "ఎదిగే పిల్ల లంగా ఎవరైనా కత్తిరిస్తారా?" అని ఆవిడ నా దగ్గర వాపోవడం నాకింకా గుర్తు. ఆవిడకి కోపానికి దగ్గరగా ఏదైనా రావడం నేను చూసింది అప్పుడే.

మనవాళ్ళ పద్ధతి మీకు తెలుసుగా. పిల్లకి పట్టు పరికిణీ కుట్టిస్తే పొడుగ్గా కుట్టించి, కింద లోపలివైపు మడతలు వేయిస్తాం. పిల్ల ఎదిగేకొద్దీ ఒక్కో మడతా విప్పుతాం. నడుముకి నాడా ఉంటే ఒళ్ళు చేసినా చిక్కినా బెంగ లేదు. కృష్ణవేణి గారు మారిసోల్‌కి కొత్త లంగా కుట్టి నాలుగు మడతలు వేశారు. తర్వాత మిగతా పిల్లలందరికీ అలాగే కుట్టారు. అంచు చుట్టూ పది గజాల ఘేరు, రంగురంగుల రిబ్బన్లు, మీదనుంచి లేసు. అప్పటి నుంచి మంగళవారం, గురువారం మధ్యాహ్నాలు ఆవిడ ఆ గిడ్డంగిలోనే. హైవే మీద డ్రైవింగ్ ఆవిడకి రాదు. ఊరంతా రైలెక్కి చికాగో వైపు వెళ్తే ఈవిడ ఎదురు దిక్కు రైలెక్కేవారు. భీమశంకరం గారు కనిపించినవాళ్ళకల్లా, "మా ఆవిడకి ఉద్యోగం వచ్చిందండోయ్, జీతం ఒక్కటే రావట్లేదు" అని చెప్పేవారు.

ఇలా తొమ్మిదేళ్ళు గడిచాయి. 2014 జనవరిలో మా కమిటీ మీటింగుకి కృష్ణవేణి గారు వచ్చారు. ఆవిడ మీటింగుకి రావడమే వింత, నోరు విప్పడం ఇంకా వింత. ఉగాది సభలో ఏటా ఒక సేవాసంస్థని సన్మానిస్తాం. ఈసారి కాసా కొలిబ్రిని సన్మానించి ఆ పిల్లల చేత డాన్స్ చేయించండి అని అడిగారు.

నేను అడ్డుపడ్డాను. నిజం దాచడమెందుకు? "మన పిల్లల కూచిపూడికే టైమ్ చాలట్లేదు. పేరెంట్స్ నన్ను పీక్కు తింటున్నారు. వీళ్ళనెక్కడ పెట్టమంటారండీ?" అన్నాను.

ఆవిడ 'ఊఁ' అన్నారు. మర్నాడు ఫోన్ చేసి, "మంగళవారం నాతో ఒక్కసారి రా ప్రమోదా" అన్నారు. పెద్దావిడ అడిగితే కాదనలేక, గొణుక్కుంటూనే రైలెక్కాను.

గిడ్డంగిలో చెక్క నేల మీద పిల్లల మడమలు టకటకలాడుతున్నాయి. ఆరు జంటలు. ప్రతి అమ్మాయి భుజాల మీదా రెబోసో అని పొడవాటి నేత ఉత్తరీయం ఉంది. కుచ్చుల అంచుతో అచ్చం మన శాలువాలాగే ఉంది. ఆట చివర్లో దాన్ని నేల మీద పరుస్తారు. అమ్మాయీ అబ్బాయీ చేతులు వెనక్కి పెట్టుకుని, తాళం తప్పకుండా, ఒట్టి పాదాలతో దాన్ని పువ్వులా ముడివేస్తారు. ముడి పడ్డాక ఎత్తి చూపిస్తారు. గొణుగుడు మర్చిపోయి ఇంకోసారి ఆడమన్నాను. నేను గొణుగుడు మర్చిపోవడం ఎంత అరుదో మా ఆయన్ని అడగండి.

మారిసోల్‌కి అప్పటికి పద్దెనిమిదేళ్ళు. నాకంటే జానెడు పొడుగు. కృష్ణవేణి గారు ఆ అమ్మాయి లంగా అంచు తిప్పి నాకు చూపించారు. పాత కుట్ల ఆనవాళ్ళు నాలుగు వరసలు ఉన్నాయి, పిల్లల ఎత్తు కొలిచి గోడ మీద గీసిన గీతల్లాగా.

"ఆఖరి మడత కిందటి వారం విప్పాను," అన్నారు ఆవిడ. "వేసవి దాటితే కాలేజీకి వేరే స్టేట్ వెళ్ళిపోతుంది. చిన్నప్పటి నుంచీ అడుగుతోంది, 'మీ వాళ్ళు మా ఆట ఎప్పుడు చూస్తారు' అని. వచ్చే ఉగాదికి, వచ్చే ఉగాదికి అని చెప్తూనే ఉన్నా. ఇంక దానికి చెప్పడానికి వచ్చే ఉగాది లేదమ్మా."

నాకు సిగ్గేసింది. తొమ్మిదేళ్ళుగా ఆవిడ ఎక్కడికెళ్తున్నారో మాకందరికీ తెలుసు. ఏం చేస్తున్నారో చూద్దామని ఒక్కరం కూడా వెళ్ళలేదు. ఆ వారమే కమిటీ మీద విరుచుకుపడి ఒప్పించాను. ఒక మెమెంటో, ఒక పట్టు శాలువా, పన్నెండు నిమిషాల ఆట.

ఒక్కటే చిక్కు. పిల్లలు స్కూల్ బస్సులో వస్తారు, ఆ బస్సు ఏడున్నరకి బయల్దేరి తీరాలి. డ్రైవరుకి ఆ తర్వాత ఇంకో ట్రిప్పు ఉంది. సభ అయిదింటికి మొదలు. కాబట్టి వాళ్ళని ఆరింటికి పెట్టాను. గంటన్నర చేతిలో ఉంది, ఇంకేం భయం అనుకున్నాను. మన సంగతి తెలిసీ అలా అనుకున్నందుకు నన్ను నేనే తిట్టుకోవాలి.

ఏప్రిల్ మొదటి శనివారం, హైస్కూల్ ఆడిటోరియంలో జయ నామ సంవత్సర ఉగాది. అయిదింటి సభ అయిదూ యాభైకి మొదలైంది. పంచాంగ శ్రవణంలో ఒక్కో రాశివాళ్ళూ లేచి అనుమానాలు అడిగారు. ఆరూ నలభైకి సన్మాన కార్యక్రమం ప్రకటించాను. రెబెకా గారిని వేదిక మీద కుర్చీలో కూర్చోబెట్టాం. పిల్లలు తెర పక్కన ఆరు జంటలుగా నిలబడ్డారు. ముందు అధ్యక్షులు నరసింహం గారు రెండు మాటలు మాట్లాడతారని చెప్పి మైకు ఇచ్చాను.

నరసింహం గారు పేరున్న గుండె డాక్టరు. మనిషి బంగారం. కానీ మైకు చేతికొస్తే లోకం మర్చిపోతారు. కాసా కొలిబ్రి గురించి ఒక వాక్యం చెప్పి, అక్కణ్ణుంచి 1971లో తను చికాగోలో దిగిన రోజు మంచు ఎంత పడిందో అందుకున్నారు. ఆరూ యాభై అయిదైంది, ఆయనింకా ఎయిర్‌పోర్టు దాటలేదు. 'టైమ్ లేదండీ' అని చీటీ పంపాను. ఆయన చదివి, "ప్రమోద గారు గుర్తుచేశారు, ఆ రోజుల్లో మనకి టైమ్ ఎక్కడుండేదండీ, డబల్ షిఫ్టులు!" అని కొత్త కథ ఎత్తుకున్నారు. లైట్లు ఆర్పి వెలిగించమన్నాను. "కరెంటు ఇబ్బందులు మనకి కొత్తా?" అన్నారు. హాలంతా నవ్వింది. నాకు బీపీ పెరిగింది.

ఆయన తర్వాత పాపయ్య గారివి ఎనిమిది ఆశీర్వచన పద్యాలున్నాయి. ఆ తర్వాత వ్యవస్థాపకులు వెంకటస్వామి గారు. ఆయనకి ముందుమాటే పావుగంట.

తెర పక్కకి వెళ్ళి చూస్తే మారిసోల్ గోడ గడియారం వంక చూస్తోంది. ఏడూ అయిదు. కళ్ళలో నీళ్ళు నిండాయి, కానీ పిల్ల ఏడవట్లేదు. కృష్ణవేణి గారి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "పోనీలెండి, వచ్చే ఉగాదికి" అంది ఇంగ్లీషులో. వేళాకోళానికే అంది. కృష్ణవేణి గారి ముఖం పాలిపోయింది.

"నేను వెళ్ళి మైకు లాక్కుంటా," అన్నాను పళ్ళు కొరుకుతూ.

"వద్దు, పెద్దవాళ్ళు. చిన్నబుచ్చుకుంటారు." ఆవిడ కాసేపు వేదిక వంక చూశారు. "ప్రమోదా, మన సభల్లో మనిషికి శాలువా కప్పేస్తే ఆ మనిషి ఏం చేస్తాడు?"

"ఏం చేస్తాడు, దణ్ణం పెట్టి, ఫొటో దిగి, కూర్చుంటాడు."

"కదా," అన్నారు ఆవిడ. మారిసోల్ భుజం మీది రెబోసో తీసి, మడతపెట్టి, పిల్ల చేతిలోనే పెట్టారు. "గో, పుట్ ఆన్ హిమ్. దెన్ నమస్తే."

మారిసోల్ తెల్లబోయింది. "మరి మేం దేంతో ఆడాలి?"

"ముందు స్టేజీ ఖాళీ కానియ్. గుడ్డ సంగతి నేను చూసుకుంటా." తెలుగులోనే అన్నారు. పిల్లకి తొమ్మిదేళ్ళ అలవాటు, అర్థమైంది.

పది గజాల లంగా గరగరలాడిస్తూ మారిసోల్ వేదిక మధ్యకి నడిచింది. మంచులో కారు తోస్తున్న నరసింహం గారి భుజాల మీద రెబోసో కప్పి, రెండు చేతులూ జోడించింది. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ఫొటోగ్రాఫర్ పరుగెత్తుకొచ్చాడు. శాలువా కప్పాక మాట్లాడుతూ ఉండిపోయిన తెలుగువాడు ఇంతవరకు పుట్టలేదు. ఆయన ఉబ్బితబ్బిబ్బై, అందరికీ దణ్ణం పెట్టి, వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. అమ్మయ్య!

పాపయ్య గారు రెండో పద్యంలో ఉండగా రెండో పిల్ల వెళ్ళింది. "ఇంకా ఆరున్నాయమ్మా" అని గొణిగారు గానీ చప్పట్ల ముందు ఆగలేకపోయారు. వెంకటస్వామి గారైతే మైకు దగ్గరికొచ్చి, జేబులో కాగితాలు తియ్యకుండానే భుజాలు సర్దుకుని నిలబడ్డారు. మూడోది ఆయనకి పడింది. ఒక్క ముక్క మాట్లాడకుండా దిగిపోయారు. మా సంఘం చరిత్రలో అది మొదటిసారి.

ఇంతలో చిత్రం చూడండి. కార్యక్రమంలో పేరు లేని ఇద్దరు కమిటీ సభ్యులు, శాలువాలు పంచుతున్నారనుకుని, మేమూ ఒక మాట చెప్తాం అని మెట్లెక్కేశారు. ఇంకో రెండు రెబోసోలు వాళ్ళకి సమర్పయామి. ఇక నాకు ఒళ్ళు మండింది. నేనే మైకు తీసుకున్నాను. "ఇదేం పద్ధతండీ! చిన్నపిల్లలు గంట నుంచి నిలబడి ఉన్నారు. నేను మొదటి నుంచీ చెప్తూనే ఉన్నా, 2009లో కూడా ఇంతే జరిగింది, అప్పుడేమైందంటే..."

మెత్తగా ఏదో నా భుజాల మీద పడింది. ఆరో రెబోసో.

హాలు హాలంతా పగలబడి నవ్వింది. తెర పక్కన కృష్ణవేణి గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను దణ్ణం పెట్టాను. ఫొటో దిగాను. నోరు మూసుకుని పక్కకి తప్పుకున్నాను. ఏం చెయ్యను మరి!

అప్పుడు చూసుకుంటే, వేదిక ఎక్కినవాళ్ళలో శాలువా పడనిది ఒక్క రెబెకా గారికే. ఎవరికి సన్మానమో ఆవిడకి తప్ప అందరికీ జరిగింది. ఆవిడ కుర్చీలో కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుతున్నారు.

ఏడూ పదహారు. రెబోసోలన్నీ ముందు వరస పెద్దల భుజాల మీదా, నా భుజాల మీదా ఉన్నాయి. అడిగి తీసుకోలేం, నాదొక్కటి తీసిచ్చినా అది సన్మానం కాదని వాళ్ళకి తెలిసిపోతుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఏనాడూ వేదిక ఎక్కని కృష్ణవేణి గారు అంచు దాకా వచ్చి, మైకు లేకుండానే, "అమ్మాయిలూ, అయిదు చున్నీలు కావాలి. పొడుగ్గా ఉండాలి," అన్నారు. ఆ గొంతు అంత దూరం వినిపిస్తుందని నాకు తెలియదు. ముందు వరసలో కూర్చున్న మృదుల అనే అమ్మాయి తన బంధనీ చున్నీ తీసి విసిరింది. తర్వాత ఒక కోటా, ఒక కలంకారీ. ఇరవై పైగా వచ్చి పడ్డాయి. ఆవిడ ఒక్కొక్కటీ వేళ్ళతో నలిపి చూసి అయిదు ఏరారు. ఆరోది రెబెకా గారి కోసం తెచ్చిన పట్టు శాలువా. రెబెకా గారే దాన్ని పళ్ళెంలోంచి తీసి మారిసోల్‌కి ఇచ్చారు.

పాట మొదలైంది. లంగాలు విచ్చుకున్నాయి. మా పిల్లలు కుర్చీల మీద ఎక్కి నిలబడ్డారు. నేను మాత్రం నేల మీది పట్టు శాలువానే చూస్తున్నాను. పట్టు జారుతుంది. వాళ్ళు మూడు నెలలు సాధన చేసింది నూలు మీద. మిగతా జంటల ముళ్ళు ఒక్కొక్కటిగా పడ్డాయి. మారిసోల్ ముడి జారింది. మళ్ళీ వేసింది, మళ్ళీ జారింది. గిటారు వాయించే అబ్బాయి చూసి, ఆ చివరి చరణం ఇంకోసారి తిప్పాడు. కృష్ణవేణి గారు నా చెయ్యి పట్టుకుని నలిపేస్తున్నారు. ఏడూ ముప్ఫై. మారిసోల్ నడుం వంచకుండా, తల దించకుండా, మడమతో ఒక కొసని నొక్కిపెట్టి, బొటనవేలితో రెండో కొసని లాగింది. పడింది! జరీ అంచు రెండువైపులా విచ్చుకున్న ముడిని తల మీదికి ఎత్తింది.

హాలు లేచి నిలబడింది. నరసింహం గారు రెబోసో కప్పుకునే ఈల వేశారు. మారిసోల్ హాలు వంక చూడలేదు. తెర పక్కకి తిరిగి, "చూశారు, అమ్మా! మీ వాళ్ళు చూశారు!" అంది. స్పష్టంగా, తెలుగులో.

కృష్ణవేణి గారు 'బాగుంది' అన్నారు. నేను మాత్రం బావురుమన్నాను.

బస్సు వెళ్ళిపోయి ఉంటుందని పరుగెత్తాం. వెళ్ళలేదు. భీమశంకరం గారు ఏడుంపావుకే బయటికి వెళ్ళి, డ్రైవరు చేతిలో పులిహోర, బొబ్బట్లు పెట్టి, తను కట్టిన వంతెనల గురించి చెప్తున్నారు. డ్రైవరు మూడో బొబ్బట్టు మీదున్నాడు. పిల్లలు చున్నీలతోనే బస్సెక్కేశారు. మెమెంటో మా కారులో ఉండిపోయింది.

ఆ మంగళవారం మెమెంటో, రెబోసోలు పట్టుకుని కృష్ణవేణి గారితో రైలెక్కాను. రెబోసోలు వసూలు చేసేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. నరసింహం గారు, "అదేంటమ్మా, అది నాకు చేసిన సన్మానం కదా!" అన్నారు. అసలు సంగతి నోటి దాకా వచ్చింది, మింగేశాను. కోపిష్టిదాన్నే గానీ దుర్మార్గురాలిని కాదు. పాపయ్య గారు రెబోసోతో పాటు మిగిలిన ఆరు పద్యాలూ రాసి పంపారు.

గిడ్డంగి గోడకి ఆ పట్టు శాలువా ముడితోనే వేలాడుతోంది. పాదాలతో వేసిన ముడి విప్పడానికి చేతులు రాలేదన్నారు రెబెకా గారు. ఆ కిందే మెమెంటో పెట్టాం. అదీ మా సన్మానం.

కృష్ణవేణి గారు అప్పుడే పనిలో పడిపోయారు. ఒళ్ళో మారిసోల్ లంగా. ఎదురుగా మారిసోల్ చెల్లెలు అబ్రిల్, తొమ్మిదేళ్ళది, నిటారుగా నిలబడి ఉంది. లంగా అంచు లోపలికి తిప్పి మళ్ళీ మడతలు వేస్తున్నారు. మూడు పూర్తయ్యాక సూది నా చేతికిచ్చారు.

"నాకు రాదండీ."

"వస్తుంది, కుట్టు."

నా స్వభావం కొద్దీ బిగించి కుట్టాను. ఆవిడ చూసి మొత్తం విప్పేశారు. "అంత బిగించకు ప్రమోదా. ఇది విప్పాల్సిన కుట్టు."

మళ్ళీ కుట్టాను. "ఈ నాలుగోది విప్పేసరికి దీనికి పద్దెనిమిది, నాకు డెబ్బై నాలుగు," అన్నారు ఆవిడ, దారం పళ్ళతో తెంపుతూ. "అప్పటికి నా కళ్ళు ఆనుతాయో లేదో. కుట్టినవాళ్ళకే తెలుస్తుంది ఎక్కణ్ణుంచి విప్పాలో. అందుకని ఇది నీ చేత వేయించా."

"అదేం మాటండీ!" అని గట్టిగా కసిరాను. ఆవిడ 'ఊఁ' అన్నారు. అబ్రిల్ లంగా కట్టుకుని గిర్రున తిరిగింది. నా మడత నిలిచింది.

గురువారం కూడా వెళ్ళాను.